బొగ్గు కడుక్కున్న పాట: కొత్త రాకబిల్లీ, సైకోబిల్లీ రికార్డుల గురించి

మన సాహిత్య విమర్శకు పాట అంటే ఎక్కువ భాగం మాటలే. పాట మీద వచ్చిన వ్యాసాలను వరుసగా పెట్టుకుని చదవండి. వస్తువు గురించి ఉంటుంది, దృక్పథం గురించి ఉంటుంది, ప్రాస గురించీ పలుకుబడి గురించీ ఉంటుంది. ఆ మాటలను వేలాదిమంది దగ్గరికి మోసుకుపోయిన డప్పు దెబ్బ గురించి, ఆ దెబ్బ వేసిన చేయి ఎవరిదన్న దాని గురించి రెండు పేరాలు దొరకడం కష్టం. దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. మాటలు పేలవంగా ఉన్న పాట ఎదురైతే మన దగ్గర దానికి ఒకే ఒక ముద్ర ఉంది: క్షీణ సంస్కృతి. ముద్ర కొట్టి పక్కన పెట్టేస్తాం. మాటల్లో లేని చరిత్ర ఆ పాట వాద్యంలో ఉందేమో వెతకం.

ఈ చిక్కును చూపించడానికి నేను ఎంచుకున్న సరుకు మనకు చాలా దూరంది. రాకబిల్లీ, దాని కొత్త తరమైన నియో రాకబిల్లీ, ఆ ఇంట్లోనే పుట్టి దయ్యాల వేషం కట్టిన సైకోబిల్లీ. కొన్నేళ్ళుగా ఈ రకం ఆల్బంలు మళ్ళీ వరుసగా వస్తున్నాయి. రామగిరి దగ్గర, ఒకవైపు అడ్రియాల లాంగ్‌వాల్ గని, ఇంకోవైపు ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు పెట్టుకుని అమెరికా కారు పాటల గురించి రాయడమేమిటని నవ్విన మిత్రులున్నారు. వాళ్ళకు నా జవాబు ఒక్కటే. ఈ పాట వాయించే పద్ధతి బొగ్గు గనుల దగ్గర తయారైంది. ఇప్పటి రికార్డుల మీద ఆ బొగ్గు మరక కనిపించదు. దాన్ని ఎవరు కడిగారు, ఎట్లా కడిగారు అన్నది సాహిత్య విద్యార్థులకు కూడా పనికొచ్చే ప్రశ్న అని నా అభిప్రాయం.

పేరుతో మొదలుపెడదాం. అమెరికాలో కొండప్రాంతపు బీద తెల్లవాళ్ళను పట్నంవాళ్ళు హిల్‌బిల్లీలని వెక్కిరించేవాళ్ళు. మొరటోడు, లోకం తెలియనోడు అని దాని భావం. మన సినిమాల్లో తెలంగాణ మాట చాలాకాలం రౌడీకీ హాస్యగాడికీ మాత్రమే దక్కిన సంగతి గుర్తు చేసుకుంటే ఆ తిట్టు బరువు మనకు బాగానే తెలుస్తుంది. ఆ మొరటోళ్ళ పాటకూ నల్లవాళ్ళ బ్లూస్‌కూ పొత్తు కుదిరి, 1950ల నడుమ దక్షిణాది రాష్ట్రాల్లో వచ్చిందే రాకబిల్లీ. 1954 జూలైలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ పాడిన మొదటి రికార్డును దీనికి ఆనవాలుగా చెప్తారు. ఆ రికార్డుకు ఒకవైపు ఆర్థర్ క్రూడప్ అనే నల్ల బ్లూస్ గాయకుడి పాట. రెండోవైపు బిల్ మన్రో అనే కెంటకీ తెల్ల గాయకుడి పాట. అందులో డ్రమ్ము లేదు. స్కాటీ మూర్ గిటారు, బిల్ బ్లాక్ వాయించిన నిలువెత్తు బేస్, అంతే. బ్లాక్ ఆ బేస్ తీగను గుంజి వదిలేవాడు, ఆ వెంటనే అరచేత్తో వాద్యం మెడమీద చరిచేవాడు. తీగ స్వరమిచ్చేది, కర్ర దరువిచ్చేది. డ్రమ్ములవాడు లేని లోటు అట్లా తీరింది. డప్పు దగ్గర పెరిగినవాళ్ళకు ఇందులో వింత కనపడదు. సిర్రతో ఒక పని, సిటికెన పుల్లతో ఇంకో పని చేయించుకునే వాద్యం మనది.

ఇక గిటారు. తన మీద ప్రభావం చూపినవాళ్ళుగా స్కాటీ మూర్ మెర్ల్ ట్రావిస్, చెట్ అట్కిన్స్‌ల పేర్లు చెప్పుకున్నాడు. అట్కిన్స్ కూడా రేడియోలో ట్రావిస్‌ను విని దారి పట్టినవాడే. ట్రావిస్ ఎక్కడివాడు? కెంటకీ రాష్ట్రంలో ముహ్లెన్‌బర్గ్ కౌంటీవాడు. అది బొగ్గు నేల. 1917లో అక్కడ పుట్టాడు, తండ్రి గని కార్మికుడు. అతనికి గిటారు మర్మం చూపించినవాళ్ళు మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ. ఇద్దరూ బొగ్గు తవ్వినవాళ్ళే. ఈ ఐక్ ఎవర్లీ కొడుకులే తర్వాత లోకమంతా విన్న ఎవర్లీ సోదరులు. వీళ్ళ పద్ధతి ఏమంటే, బొటనవేలు లావు తీగల మీద తాళం తప్పకుండా అటూ ఇటూ నడుస్తుంటుంది. అదే సమయంలో చూపుడువేలు సన్న తీగల మీద పాట వాయిస్తుంది. ఒకడే మనిషి, ఇద్దరి పని. షిఫ్టు దిగివచ్చి ఇంటి అరుగు మీద కూర్చున్నవాడికి పక్కవాద్యం ఎక్కడినుంచి వస్తుంది? తన చేతినే రెండుగా పంచుకున్నాడని నా ఊహ.

ఈ వరుసను ఇంకా వెనక్కు లాగితే ఆర్నాల్డ్ షుల్జ్ దగ్గర ఆగుతుంది. 1886లో పుట్టిన నల్లజాతి సంగీతకారుడు. బొగ్గెత్తాడు, నదిపడవల మీద పనిచేశాడు, గిటారూ ఫిడేలూ వాయించాడు. రేగర్, ఎవర్లీల బొటనవేలు కెనడీ జోన్స్ అనే వాద్యకారుడి మీదుగా ఇతని దగ్గరికే చేరుతుంది. కుర్రతనంలో బిల్ మన్రో ఇతని పక్కన నాట్యాల రాత్రుళ్ళలో వాయించాడు, ఆ రుణం తర్వాత బాహాటంగా చెప్పుకున్నాడు. అంటే 1954 నాటి ఆ మొదటి రికార్డుకు ఒకవైపే కాదు, రెండు వైపులా, మధ్యలో ఉన్న గిటారులో కూడా నల్లచేయి ఉంది. షుల్జ్ 1931లో చనిపోయాడు. అతను వాయించిన రికార్డు ఒక్కటీ లేదు. కార్ల్ పెర్కిన్స్ సంగతీ ఇట్లాంటిదే. టెన్నెసీ పత్తిచేలలో పాలుకు చేసుకునే తెల్ల కుటుంబంలో పుట్టి, అదే చేలో పనిచేసే జాన్ వెస్ట్‌బ్రూక్ అనే నల్ల పెద్దాయన దగ్గర గిటారు నేర్చుకున్నాడు. క్రూడప్ కథ మరీ అన్యాయం. ఆయన పాటతో ఎల్విస్ ప్రయాణం మొదలైంది. ఆయన మాత్రం రాయల్టీల కోసం ఏళ్ళతరబడి కొట్లాడి, రావలసింది రాకుండానే 1974లో కన్నుమూశాడు. ఎల్విస్ ఒప్పందాన్ని సన్ కంపెనీ 1955 నవంబరులోనే ఆర్.సి.ఎ.కు 35 వేల డాలర్లకు అమ్ముకుంది.

బొగ్గు పాటలోంచి ఎట్లా పోయిందో తెలియాలంటే ట్రావిస్‌నే ఇంకాసేపు పట్టుకోవాలి. 1946లో అతను ‘సిక్స్‌టీన్ టన్స్’ అనే పాట రికార్డు చేశాడు, అది మరుసటేడు ఆల్బంగా వచ్చింది. రోజంతా బొగ్గు నింపినా కంపెనీ దుకాణం బాకీ తీరని కార్మికుడి గోడు అది. కంపెనీ ఇచ్చే చీటీలతో కంపెనీ అంగడిలోనే కొనుక్కోవాలి. కూలి కొండెక్కదు, అప్పు కొండెక్కుతుంది. 1955లో ఈ పాటను టెనెసీ ఎర్నీ ఫోర్డ్ మళ్ళీ పాడితే అది అమెరికా అమ్మకాల పట్టికల్లో మొదటి స్థానానికి ఎక్కి వారాలపాటు దిగలేదు. ఆ రికార్డు విన్నప్పుడల్లా నన్ను ఆపేసే సంగతి ఒకటుంది. ఫోర్డ్ రికార్డులో ట్రావిస్ బొటనవేలు లేదు. క్లారినెట్ ఉంది, చిటికెలున్నాయి, పట్నపు హాలు నిగనిగ ఉంది. అదే సంవత్సరం ఆ బొటనవేలి గిటారు మెంఫిస్‌లో కుర్రకారు పాటల వెనుక మోగుతున్నది. ఆ పాటల్లో అమ్మాయిలున్నారు, బూట్లున్నాయి, కార్లున్నాయి, గని లేదు. వస్తువు ఒక దారిన పోయింది, శిల్పం ఇంకో దారిన పోయింది. రెండూ ఒకే మనిషి నుంచి, ఒకే నేల నుంచి బయల్దేరినవి. వస్తు శిల్పాల ఐక్యత గురించి మనం ఇంతకాలంగా వాదించుకుంటున్నాం కదా. అవి విడిపోవడానికి రచయిత చేతగానితనం ఒక్కటే కారణమనుకుంటాం. సరుకుల బజారు వాటిని విడదీసి వేర్వేరు దుకాణాల్లో పెట్టి అమ్మగలదని ఈ ఉదాహరణ చెప్తుంది.

‘సైకోబిల్లీ’ అన్న మాట పుట్టుక ఇంకా తమాషా. 1976లో జానీ క్యాష్ పాడిన ‘వన్ పీస్ ఎట్ ఎ టైమ్’ అనే పాటలో ఆ మాట ఒక కారుకు విశేషణంగా వస్తుంది. పాట రాసినవాడు వేన్ కెంప్. క్యాష్ ఆర్కన్సా పత్తిచేలలో పెరిగినవాడు, సన్ స్టూడియో మొదటి తరం గాయకుడు. పాట కథ ఇది. కెంటకీ నుంచి ఒకడు డెట్రాయిట్‌కు వలసపోయి కార్ల ఫ్యాక్టరీలో చేరతాడు. రోజూ తన ముందునుంచి సాగిపోయే ఖరీదైన కారును తాను ఎప్పటికీ కొనలేడని తెలుసు. అందుకని ఒక్కొక్క భాగమే అన్నం డబ్బాలో దాచి ఇంటికి తెచ్చుకుంటాడు. పెద్దవాటికి స్నేహితుడి బండి సాయం. ఏళ్ళు గడిచాక అన్నీ బిగించి చూస్తే ఒక భాగం ఒక సంవత్సరం నమూనా, ఇంకో భాగం ఇంకో సంవత్సరానిది, ఏదీ దేనికీ అతకదు. ఆ అతుకులబొంత కారుకు అతను పెట్టుకున్న విశేషణం సైకోబిల్లీ. శ్రమ పరాయీకరణ గురించి తరగతిలో చెప్పడానికి ఇంతకన్నా తేలికైన కథ నాకు దొరకలేదు. తయారు చేసినవాడికే అందని సరుకును తయారు చేసినవాడే తిరిగి తెచ్చుకునే కథ. పైగా నవ్వు తెప్పిస్తుంది. మన కథల్లో కార్మికుడు ఏడుస్తాడు, తిరగబడతాడు. ఇట్లా నవ్వడం తక్కువ.

తర్వాత ఆ మాటను న్యూయార్కులో క్రాంప్స్ అనే జట్టు తన ప్రకటన కాగితాల మీద వాడుకుంది. లక్స్ ఇంటీరియర్ గొంతు, పాయిజన్ ఐవీ అనే మహిళ గిటారు. మెంఫిస్‌లోనే తయారైన వాళ్ళ మొదటి ఆల్బం 1980లో వచ్చింది. అదే ఏడు లండన్‌లో మీటియర్స్ జట్టు మొదలై, ఆ పేరును ఒక సంగీతశాఖకు స్థిరం చేసింది. న్యూయార్కు పక్కనుంచి లండన్‌కు వలసపోయిన ముగ్గురు కుర్రాళ్ళ స్ట్రే క్యాట్స్ జట్టు 1981లో ఇచ్చిన ఆల్బంతో నియో రాకబిల్లీ బజారుకెక్కింది. ఒకరు దువ్విన జుట్టు, మెరిసే గిటారు, పాత కారు తెచ్చారు. ఇంకొకరు శ్మశానం, పిశాచం, పిచ్చాసుపత్రి తెచ్చారు. బేస్ చరుపు ఇద్దరిలోనూ ఉంది, వేగం మాత్రం పెరిగింది. సైకోబిల్లీలో ఆ వేగం తాళాన్ని పరుగెత్తించి పరుగెత్తించి ఊపిరాడనివ్వదు. మానసిక రోగాన్ని వేళాకోళపు బొమ్మ చేసుకోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఎవరు ఎన్ని సమర్థనలు చెప్పినా అది బలహీనుల మీద నవ్వు.

ఇక్కడ మన పాత ముద్రతో ఒక మిత్రుడు సిద్ధంగా ఉన్నాడు. దయ్యాల పాటలు, వేషాలు, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే ఆట, ఇది కుళ్ళుతున్న పెట్టుబడిదారీ సమాజపు పైత్యం కాక మరేమిటి? ప్రతి జాతి సంస్కృతిలోనూ రెండు సంస్కృతులుంటాయని లెనిన్ 1913లో రాసింది మనం ఎప్పుడూ ఉదహరిస్తాం. ఆ రెండూ ఒకే పాటలో, కొన్నిసార్లు ఒకే వాద్యంలో కలిసి ఉండే సందర్భానికి మనం పద్ధతి తయారు చేసుకోలేదు. హాబ్స్‌బామ్ అంతటి మార్క్సిస్టు చరిత్రకారుడు ఫ్రాన్సిస్ న్యూటన్ అనే మారుపేరుతో జాజ్ మీద వ్యాసాలు రాసి, 1959లో పుస్తకమే వేశాడు. ఎవరు వాయిస్తున్నారు, ఎవరు కూలి ఇస్తున్నారు, ఎవరు వింటున్నారు అని అడిగాడు. ఆయనకు రాక్ అండ్ రోల్ అంటే పెద్దగా గౌరవం లేదు, అది వేరే సంగతి. ఆ ప్రశ్నలు మాత్రం మనం అరువు తెచ్చుకోదగ్గవి.

ఆ ప్రశ్నలు పెట్టుకుని 1980ల లండన్‌ను చూడండి. హామర్‌స్మిత్‌లో క్లారెండన్ హోటల్ మేడమీద క్లబ్ ఫుట్ అని ఒక వేదిక నడిచేది. సైకోబిల్లీకి అది పుట్టిల్లు లాంటిది. 1988లో ఆ కట్టడాన్ని కూల్చేదాకా నడిచింది, అక్కడి కచేరీలు రికార్డులుగా కూడా వచ్చాయి. వచ్చే కుర్రాళ్ళలో కింది తరగతి పిల్లలు ఎక్కువ. కుడి ఎడమ పక్షాల కుర్రాళ్ళు బయట తన్నుకు చస్తున్న కాలం కాబట్టి, ఇక్కడ రాజకీయం ఎత్తవద్దని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. శాంతి కోసమే పెట్టుకున్నారు, దాన్ని నేను తక్కువ చేయను. కాని ఆ కట్టుబాటు నడిచిన రోజులు ఎట్లాంటివి? 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా బ్రిటన్ గని కార్మికులు సమ్మెలో ఉన్నారు. 1981లో ఇదే సింగరేణిలో 56 రోజులు పనులు ఆపినవాళ్ళ మధ్య బతికేవాడిగా, ఆ ఏడాది పొడవు సమ్మె అంటే ఇంట్లో పొయ్యి సంగతి ఏమవుతుందో నేను ఊహించగలను. బొగ్గు కార్మికుల చేతిలో పెరిగిన గిటారు క్లబ్ ఫుట్‌లో పిశాచాల పాటకు మోగుతూనే ఉంది, బొగ్గు కార్మికుడి పేరు ఎత్తడం మాత్రం అక్కడ కట్టుబాటుకు విరుద్ధం.

మిగతా సంగీతం ఊరకుండలేదు. ఇనుప రేకులూ పీపాలూ వాయించే టెస్ట్ డిపార్ట్‌మెంట్ జట్టు సౌత్ వేల్స్ సమ్మె కార్మికుల గాయక బృందంతో కలిసి ఒక ఆల్బమే చేసింది. బిల్లీ బ్రాగ్ ఒక గిటారు భుజాన వేసుకుని సమ్మె సభలకు తిరిగాడు, 1985లో తెచ్చిన చిన్న రికార్డు రాబడి కార్మికుల నిధికి ఇచ్చాడు. పాట గొప్పదా చిన్నదా అన్న తర్కం ఇక్కడ అవసరం లేదు. రాజకీయం వద్దన్నవాళ్ళ రాజకీయం గురించి మాత్రం ఒక మాట అనాలి. రాకబిల్లీ సభల్లో, రికార్డు అట్టల మీద, చొక్కాల మీద అమెరికా అంతర్యుద్ధంలో బానిస యజమానుల పక్షం ఎత్తిన జెండా ఏళ్ళకేళ్ళు అలంకారంగా ఎగిరింది. సమ్మె రాజకీయమైంది, ఆ జెండా రాజకీయం కాలేదు! ఆర్నాల్డ్ షుల్జ్ బొటనవేలితో వాయిస్తూ, అతని తాతలను అమ్ముకున్నవాళ్ళ జెండా కింద నిలబడ్డారు. తెలిసి నిలబడినవాళ్ళు కొద్దిమందే కావచ్చు. షుల్జ్ పేరు తెలిస్తే ఎంతమంది నిలబడేవాళ్ళు?

ఇప్పుడు కొత్త రికార్డుల దగ్గరికి వస్తాను. స్ట్రే క్యాట్స్ తమ నలభై ఏళ్ళ పండుగకు 2019లో ‘40’ అనే ఆల్బం తెచ్చారు. బ్రయన్ సెట్జర్ గిటారు విని ముచ్చటపడనివాడికి చెవులు లేవనుకోవాలి. ట్రావిస్ బాణీ అతని వేళ్ళలో పూర్తిగా జీర్ణమైపోయింది. బేస్ చరుపు సన్ స్టూడియోదే, ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది. మాటలు మాత్రం 1981లో ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. సెట్జర్ ఒంటరిగా తెచ్చిన 2021, 2023 ఆల్బంలూ అంతే. బండి చప్పుడు, రాత్రి, జూదం, దయ్యం. అరవై దాటిన వాద్యకారుడు ఇరవై ఏళ్ళ కుర్రాడి కోరికలు పాడుతున్నాడు. పాట చుట్టూ ముసలితనం లేదు, రోగం లేదు, ఖర్చులు లేవు. టైగర్ ఆర్మీ జట్టు 2019 ఆల్బం పేరు ‘రెట్రోఫ్యూచర్’. పాతకాలం ఊహించుకున్న భవిష్యత్తు అని దాని అర్థం. పేరులో ఉన్నంత ఆలోచన పాటల్లో ఉంటే బాగుండేది. జె.డి. మెక్‌ఫర్సన్ 2024లో తెచ్చిన ‘నైట్ ఆవుల్స్’ వీటిలో నాకు కొంత నచ్చింది. అతను పాతదాన్ని భద్రంగా పెట్టెలో పెట్టి చూపించడు. తర్వాతి కాలపు ధ్వనులను దానిమీదికి రానిస్తాడు. వాండా జాక్సన్ ఆఖరి ఆల్బం ‘ఎన్‌కోర్’ 2021లో జోన్ జెట్ పూనికతో వచ్చింది. మగవాళ్ళ రంగంలో 1950ల నుంచి నిలబడ్డ మనిషి గొంతులో అలసట దాచకుండా వినిపిస్తుంది, ఆ నిజాయితీ ఆమె వయసు మగ గాయకుల్లో అరుదు. (ఆమె 1957లో పాడిన ఒక పాటలో తన తాపాన్ని హిరోషిమా, నాగసాకిలతో పోల్చుకుంటుంది. ఆ పాట జపానులోనే బాగా నడిచింది. సరుకుగా మారిన పాటకు జ్ఞాపకం ఉండదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి!)

ఈ రికార్డులను మెచ్చుకునే విమర్శకుల మాటల్లో తరచు వచ్చే పదం ‘అసలుది’. అసలు సన్ స్టూడియో ధ్వని, అసలు ఆ కాలపు మైకు, అసలు ఆ కాలపు జాకెట్టు. మైకు దొరుకుతుంది, జాకెట్టు దొరుకుతుంది. పని దొరకదు. పత్తిచేనూ, గనీ, ఫ్యాక్టరీ మిగలకుండా తీసేసి మిగిలినదాన్ని అసలుది అంటున్నారు. నా లెక్కలో క్యాష్ పాటలోని ఆ అతుకుల కారే వీటికన్నా అసలుది. దాని ప్రతి భాగం వెనుకా ఒక షిఫ్టు ఉంది.

ఈ కొలబద్ద పరాయివాళ్ళ మీదే పెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. మన బొగ్గుబావుల పేరు చెప్పుకుని 2023 మార్చి 30న విడుదలైన ‘దసరా’ సినిమా ఆల్బం ఉంది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల, సంగీతం సంతోష్ నారాయణన్. సింగరేణి పక్కన ఒక ఊరు, ఊరి నడుమ ఒక బారు, నడుస్తున్న గూడ్సు బండి ఎక్కి బొగ్గు దొంగిలించే స్నేహితులు. వింతేమంటే క్యాష్ కార్మికుడు డబ్బాలో తెచ్చుకున్నదీ, వీళ్ళు బండిమీంచి దించుకున్నదీ ఒకటే, తమ చుట్టూ ఉండి తమది కాని సంపద. అక్కడ ఆ దొంగతనం పాటలోనే ఉంది. ఇక్కడ తెరమీద ఉంది, ‘ధూం ధాం దోస్తాన్’ పాట వచ్చేసరికి మసి ఒంటిమీద రంగుగా మిగిలి, పాట తాగుడు మీదా దోస్తుల మీదా నడుస్తుంది. ధూంధాం అన్న మాటే తీసుకోండి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఊరూరా వేదికలెక్కిన పాటల రాత్రికి అది పేరు. ఇప్పుడు తాగి చిందేసేదానికి పేరు. గద్దర్ గోచీ, గొంగడి, చేతికర్ర కూడా ఇదే దారిలో ఉన్నాయి. 2023 ఆగస్టు 6న ఆయన పోయాక ఆ గొంగడిని ఎవరెవరు ఏ వేదికల మీద కప్పుకుంటున్నారో మనం చూస్తున్నాం. సెట్జర్ జాకెట్టుకూ దీనికీ తేడా నాకు కనిపించదు.

అయినా ‘దసరా’ ఆల్బంను ఆ ఒక్క పాటతో కొట్టివేస్తే నేను మొదట విమర్శించిన ముద్రే కొట్టినవాణ్ణవుతాను. అందులోనే ‘చమ్కీల అంగీలేసి’ ఉంది. రాసింది కాసర్ల శ్యామ్, పాడింది రామ్ మిరియాల, ధీ. దాని చట్రం మన ఇండ్లల్లో పాతదే: ఒక ఆడమనిషి వదినె ముందు మొగుని సంగతి చెప్పుకోవడం. ఎట్లుండెటోడు ఎట్లయిండని ఆ గోడు. మొగుని గొంతు కూడా మధ్యలో దూరి తన వాదన తాను చేసుకుంటుంది. తాగుడును పండుగ చేసిన ఆల్బంలోనే తాగుడు ఇంట్లోకి వచ్చాక ఏమవుతుందో ఆడగొంతుతో వినిపిస్తుంది. దరువు పెండ్లి దరువే, కాళ్ళు ఆగవు; మాట మాత్రం నవ్వుతూనే గుచ్చుతుంది. వస్తువూ శిల్పమూ ఒకే దుకాణంలో దొరికిన సందర్భం ఇది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథల్లో బొగ్గుబావి ఇంటి ఆడవాళ్ళను చదివినవాళ్ళు ఈ వదినెను గుర్తుపడతారు. సినిమా డబ్బుతో, బజారు కోసం, తమిళ సంగీత దర్శకుడి చేతిలో తయారైన పాటలో ఇది సాధ్యమైందంటే బజారు అన్నింటినీ కడిగేస్తుందన్న సూత్రం కూడా కొంచెం సవరించుకోవాల్సిందే. ఇల్లాలి గోడు పెండ్లి దరువులో ముందే ఉంది. రాసినవాడు దాన్ని తుడిచేయలేదు.

మన ప్రైవేటు జానపద ఆల్బంల పరిస్థితి వేరు. యూట్యూబులో రోజూ కొత్తవి వస్తున్నాయి. పాడినవాళ్ళ పేరు, రాసినవాళ్ళ పేరు, నటించినవాళ్ళ పేరు, మ్యూజిక్ అన్నచోట ఒక పేరు వేస్తారు. డప్పు ఎవరు కొట్టారో నేను చూసినవాటిలో చాలావాటికి లేదు. కొన్నిటిలో డప్పు మనిషే లేడు, కీబోర్డులో పట్టిపెట్టిన దెబ్బే తిరిగి తిరిగి మోగుతుంది. ఆ దెబ్బ ఎప్పుడో ఒక మాదిగ కళాకారుడు మంట ముందు డప్పు కాచుకుని కొట్టిందే అయి ఉంటుంది. షుల్జ్ రికార్డు లేకుండా పోయిన కాలంలో మైకు అందరికీ అందేది కాదు. ఇవాళ జేబులో ఫోను లేనివాడు లేడు. విద్యార్థులు పరిశోధనకు విషయం లేదని వస్తుంటారు. తమ ఊళ్ళో డప్పు కొట్టే ముగ్గురి పేర్లు, వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకురమ్మంటే మళ్ళీ కనిపించరు.

గోదావరిఖని వైపు పెండ్లి బరాత్‌లలో ‘చమ్కీల అంగీలేసి’ ఇప్పటికీ మోగుతున్నది. ఆడవాళ్ళే ముందుకొచ్చి ఆడతారు, వదినె అన్నప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. డీజే కుర్రాళ్ళు మాత్రం పాటను సాంతం పోనివ్వరు. వేగం పెంచుతారు, దరువు ముక్కను కోసి అదే పదిసార్లు తిప్పుతారు. ఇల్లాలి ఫిర్యాదు గొంతు సవరించుకునేలోపే ఇంకో పాటలోకి దూకేస్తారు.